కూర్చునే తీగ

నాకు కాలు ఒకచోట నిలవదు. పెళ్ళి భోజనాల్లో కూర్చున్నా నెత్తి మీద తిరిగే ఫ్యాను బోల్టు వదులుగా ఉందేమోనని పైకి చూస్తాను. బస్సెక్కితే డ్రైవరు నిద్రపోయి వచ్చాడా లేదా అని అద్దంలోంచి అతని కళ్ళు చూస్తాను. మా అక్క చిన్నప్పటినుంచీ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఆ కంగారే తర్వాత నాకు ఉద్యోగమైంది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడొక తవుడు నూనె మిల్లులో లోడింగ్ గుమాస్తాగా చేసేవాణ్ణి. చుట్టుపక్కల రైస్ మిల్లుల తవుడంతా మా దగ్గరికి వచ్చేది. నూనె తీయగా మిగిలిన తవుడును బస్తాల్లో కుట్టి కొల్లేరు చేపల చెరువులకు పంపేవాళ్ళం. అక్కడ చేపలకు మేత అదే. ఒకసారి గోడౌనులో బస్తాల నెట్టు జారి ఒక హమాలీ కాలు విరిగింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మా యజమానిని నిలబెట్టి అడిగాడు. ఆయన వెళ్ళిపోయాక యజమాని నన్ను గదిలోకి పిలిచి, "మీకు ఎలాగూ ప్రతిదానికీ కంగారేనండి. ఏ పనిలో ఎవరికేం దెబ్బ తగులుతుందో చూడడం, తగలకుండా ఏం చేయాలో చేయడం, ఈ రెండూ ఇకనుంచి మీరే చూసుకోండి" అన్నారు. అది మెచ్చుకోలో వెటకారమో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట్లో నేను బోర్డులు రాయించాను. ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. వాటిని చదివినవాడు లేడు. గోడౌనులో బస్తాలను మేడ మీదికి లాగే గిలక ఒకటుండేది. పైన బస్తా వేలాడుతుండగానే దాని కిందనుంచి జనం అటూ ఇటూ నడిచేవాళ్ళు. "అటు పోకండయ్యా" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకునేవాణ్ణి. "ఆయ్, అలాగేనండి" అనేవాళ్ళు, మళ్ళీ అటే పోయేవాళ్ళు. మా వైపు ఆ మాటకు అర్థం విన్నామని, అంతే. చేస్తామని కాదు. ఒకరోజు విసిగిపోయి, అసలు వీళ్ళు అటెందుకు పోతున్నారని చూస్తే మంచినీళ్ళ డ్రమ్ము గిలకకు అవతల ఉంది. మనిషికి దాహం వేస్తే బోర్డు చదువుతాడా? నేనే ఆ డ్రమ్మును దొర్లించుకొచ్చి ఇవతల పెట్టాను. ఆ రోజు నుంచి గిలక కింద నడిచినవాడు లేడు. ఇన్నాళ్ళూ ఇంత తేలికైన సంగతి తట్టనందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ఏ పని చూసినా, దెబ్బ తగిలే వస్తువును అక్కణ్ణుంచి పూర్తిగా తీసేయవచ్చా అని ముందు ఆలోచించేవాణ్ణి. వీలుకాకపోతే మనిషినే అక్కడికి వెళ్ళనక్కర్లేకుండా చేయడం. అదీ కుదరకపోతే మధ్యలో ఏదైనా అడ్డం పెట్టడం. చేతికి తొడుగులు, నెత్తికి టోపీలు అన్నిటికంటే చివర. తిరిగే బెల్టులకు ఇనుప జల్లెడలు బిగించాను. నూనె తీసే గదిలో వాడే ద్రావకం పెట్రోలులా అంటుకుంటుంది కాబట్టి గుమ్మం దగ్గర నిలబడి ప్రతివాడి బొడ్లో బీడీ కట్ట ఉందేమో వెతికేవాణ్ణి. లారీ నడిపేటప్పుడు డ్రైవర్లు సెల్‌ఫోను కట్టేసి ఉంచాలని చెప్పాను. ఆ రోజుల్లో సెల్‌ఫోను కొత్త మోజు, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని గణపవరం సందుల్లో లారీలు తిప్పేవాళ్ళు. నన్ను చూస్తే మిల్లులో సగం మంది ముఖం తిప్పుకునేవాళ్ళు. మిగతా సగం మంది నవ్వేవాళ్ళు.

ఆ నవ్వేవాళ్ళలో మొదటివాడు మా బావ.

మా అక్కను ఇచ్చింది తాడేపల్లిగూడెంలోనే. బావ మా మిల్లు లారీల మీద లోడు మేస్త్రీ. బస్తాలు పేర్పించడం, తాళ్ళు బిగించడం, లారీతో పాటు చెరువు గట్టు దాకా వెళ్ళి సరుకు దింపించి రావడం ఆయన పని. పొడగరి, మాటకారి. చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా మెడలు సాచి చూసేవాళ్ళు. లారీ మీద లోడు పైన కూర్చుని వెళ్ళడం కూడా ఆయన పనిలో భాగమే. ఎందుకంటే కొల్లేరు వైపు ప్రతి చెరువుకూ ఒక మోటారు, ప్రతి మోటారుకూ కరెంటు తీగలు. గట్టు మట్టి మెత్తన. స్తంభాలు ఒక పక్కకు ఒరిగిపోతాయి, తీగలు దారి మీదికి వేలాడతాయి. నిండు లోడుతో లారీ దాటాలంటే పైన ఒక మనిషి ఉండి, చివర పంగ ఉన్న ఎండు కర్రతో తీగను ఎత్తిపట్టి, లారీ వెళ్ళాక నెమ్మదిగా వదలాలి. గడ్డి ట్రాక్టర్లు, చేపల లారీలు, మా తవుడు లారీలు అన్నీ అలాగే వెళ్ళేవి. ఎవరికీ అది వింతగా తోచేది కాదు. నాకు మాత్రం ఆ సంగతి వినడంతోనే అరచేతులు చెమట పట్టాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. చేపల పులుసు కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని బావ నాకు పాఠం చెప్పాడు.

"తీగలు మూడు రకాలోయ్ బావమరిదీ. నిలబడే తీగ, కూర్చునే తీగ, పడుకునే తీగ. నిలబడేవీ పడుకునేవీ చిన్న తీగలు, మోటార్లవి. ఎత్తుగా ఉంటే నిలబడి ఎత్తుతాను, మరీ కిందికుంటే బస్తాల మీద వెల్లకిలా పడుకుని ఎత్తుతాను. కూర్చునేది ఒక్కటే, ఆకివీడు అవతల పెద్ద చెరువు మలుపులో. అది పెద్ద లైను. దాన్ని కర్రతో ముట్టుకోను. కూర్చుంటే చాలు, నెత్తి మీదనుంచి పోతుంది."

"అది తగలనక్కర్లేదు బావగారూ. దగ్గరికి వెళ్తే చాలు, లాగేస్తుంది" అన్నాను.

"నా దాకా వస్తే కదా లాగడానికి. ఏ తీగ ఎక్కడొస్తుందో నా ఒంటికి తెలుసయ్యా. కబుర్లలో పడినా నడుం దానంతటదే వంగుతుంది. నీకంటే రోజూ కంగారే. నాకు అలవాటు" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అక్క వడ్డిస్తున్నదల్లా గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే అక్కడ నిలబడి ఉంది. "మిల్లులో అందరి కాళ్ళూ చేతులూ చూస్తావంట. మీ బావ సంగతి చూడవేంట్రా? ప్రతి ఆదివారం నేను దేవుడి దగ్గర ఆ తీగల గురించే అడుగుతున్నాను. ఆయనకు చెప్తే నవ్వుతారు. నువ్వయినా ఏదో ఒకటి చెయ్యి" అంది. అక్క ఎప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ రోజు పాసింజరులో ఏలూరు చేరేదాకా నేను సీట్లో కూర్చోలేకపోయాను, తలుపు దగ్గరే నిలబడ్డాను.

తర్వాత ఒకరోజు నేను కూడా లారీ ఎక్కి బావతో వెళ్ళాను, ముందు సీట్లో కాదు, లోడు పైనే. గణపవరం దాటి ఆకివీడు దగ్గరకొచ్చేసరికి గాలిలో చేపల వాసన మొదలైంది. రోడ్డు దిగి గట్టు ఎక్కాక రెండు పక్కలా నీళ్ళే. చెరువు వెనక చెరువు, మధ్యలో లారీ పట్టేంత దారి. నీళ్ళలో నాటిన గెడలకు తవుడు సంచులు వేలాడుతున్నాయి, వాటికి పొడిచిన చిల్లుల దగ్గర చేపలు మూతులు పెట్టి తింటున్నాయి. దూరంగా ఎర్రకాళ్ళ కొంగలు. ఎవరైనా అయితే ఆ అందం చూస్తారు. నేను పైకే చూస్తూ కూర్చున్నాను. మొదటి తీగ రాగానే బావ లేచి నిలబడ్డాడు. కదిలే లారీ మీద, జారే బస్తాల మీద, రబ్బరు చెప్పులతో. కర్రతో తీగను ఎత్తి, నా తల మీదుగా దాటించి, వెనక్కి నడుస్తూ వదిలాడు. ఆ పని చేస్తున్నప్పుడు కూడా ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

తిరిగొచ్చి నేను చేయగలిగిందంతా చేశాను. లోడు ఎత్తు ఒక వరస తగ్గించాను. చెరువుల యజమానుల వెంటపడి, వేలాడే చిన్న తీగల కింద కొత్త వెదురు గెడలు పాతించి, కరెంటు వాళ్ళను తీసుకెళ్ళి లాగి బిగించేలా చేశాను. అందులో సగం మందికి నేనంటే చిరాకు. అయినా ఏడాది తిరిగేసరికి నిలబడే తీగలూ పడుకునే తీగలూ మా లారీలకు అడ్డం లేకుండా పోయాయి. బావ కర్రకు పని తప్పింది. "నా కొలువు తీసేశావు కదయ్యా" అని ఎగతాళి చేసేవాడు గానీ కర్రను మాత్రం లోడు మీదే ఉంచుకునేవాడు. కూర్చునే తీగ ఒక్కటి మిగిలింది. పెద్ద లైనును కదపాలంటే పైవాళ్ళు రావాలన్నారు. నేను ఆ మలుపుకు వెళ్ళి కింద నిలబడి చూశాను. బావను లోడు మీద కూర్చోబెట్టి చూశాను. ఆయన తలకూ తీగకూ మధ్య ఇంకో మనిషి కూర్చునేంత జాగా ఉంది. దాన్ని అలా వదిలేయవచ్చని తీర్మానించుకున్నాను. అక్కకు కూడా ఆ మాటే చెప్పాను. ఆ రోజు రాత్రి నేను బాగా నిద్రపోయాను.

మరుసటి ఎండాకాలంలో చెరువులు ఎండగట్టారు. మేత లారీలు కొన్నాళ్ళు ఆగాయి. మళ్ళీ నీళ్ళు పెట్టి, చేపపిల్లలను వదిలి, తవుడు పంపమని కబురు చేసేసరికి తొలకరి మబ్బులు పట్టాయి. మొదటి లారీ బావతో పొద్దున్నే బయలుదేరింది. నేను మిల్లులో బాయిలరు పక్క ఊక దిమ్మరిస్తున్న చోట ఏదో గొడవ తీరుస్తుండగా ఆఫీసులో ఫోను మోగింది. పెద్ద చెరువు గుమాస్తా.

"లారీ బయలుదేరిందాండి?"

"ఎప్పుడో వెళ్ళిందండి. ఈపాటికి గణపవరంలో టిఫిన్లు చేస్తుంటారు."

"ఈ ఏడాది మీకేం బెంగ లేదండి. నిరుడు వానల్లో మీ లారీ దిగబడిపోయి నానా అవస్థా పడ్డారు కదా. చెరువు తవ్విన మట్టంతా మలుపు దగ్గర గట్టు మీద పోయించాం. బాగా ఎత్తించి పైన కంకర కూడా వేయించామండి. రాజమార్గంలా ఉంది. మీ బావగారు చూస్తే సంతోషిస్తారు."

సంతోషంగా చెప్పాడు పాపం. "ఎంత ఎత్తించారండి?" అని అడిగితే, "నడుం లోతు పోయించామండి, ఇంకా ఎక్కువే ఉంటుందేమో" అన్నాడు.

తీగ కదల్లేదు. స్తంభం కదల్లేదు. దారి పైకి లేచింది. చెరువుల దగ్గర అందరం పైకి చూసి తీగలు కిందికి దిగుతున్నాయని తిట్టుకునేవాళ్ళమే గానీ, ఏటేటా మట్టి పోసి దారినే తీగల దగ్గరికి మోసుకెళ్తున్నామని ఒక్కడికీ తట్టలేదు. మా బావ ఒంటికి తెలిసింది పాత దారి. ఆ మలుపు రాగానే నడుం దానంతటదే వంగుతుంది, కూర్చుంటాడు, కర్ర ఒళ్ళో పెట్టుకుని నెత్తి మీదనుంచి తీగ పోతుందని కబుర్లు చెప్తూ ఉంటాడు.

"లారీని మలుపు దగ్గర ఆపండి. ఎవరినైనా నిలబెట్టండి" అన్నాను. "ఆయ్, అలాగేనండి, నేను ఆకివీడు సెంటర్లో ఉన్నాను, వెళ్ళగానే చెప్తానండి" అన్నాడు. అలాగేనండి అన్న మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్రైవరు సెల్‌కు చేశాను. కట్టేసి ఉంది. మళ్ళీ చేశాను. కట్టేసే ఉంది. మిల్లు మొత్తం మీద నా మాట విన్నవాడు ఆ ఒక్క డ్రైవరు, ఆ ఒక్క విషయం. కరెంటు ఆఫీసుకు చేస్తే ఎంతసేపటికీ పలికిన దిక్కు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మోపెడ్ ఉంటే తాళం లాక్కుని ఎక్కేశాను. వాన చినుకులు మొదలయ్యాయి.

ఆ దారి పొడుగునా నేను ఏమేం అనుకున్నానో రాయను. గణపవరంలో లారీ ఆగే టిఫిన్ సెంటరు దగ్గర దాని చక్రాల గుర్తులు బురదలో తాజాగా ఉన్నాయి. "ఇప్పుడే వెళ్ళారండి, మీ బావగారు ఇక్కడందర్నీ నవ్వించి వెళ్ళారు" అన్నాడు కొట్టువాడు. ఆకివీడు దాటి రోడ్డు దిగేటప్పుడు లారీ కనిపించింది. గట్టు మీద నెమ్మదిగా మూలుగుతూ పోతోంది. పైన బావ, పక్కన ఇంకో హమాలీ. బావ వీపు నావైపు ఉంది.

హారను కొట్టబోయి ఆగిపోయాను. బావ సంగతి నాకు తెలుసు. వెనక నేను కనిపిస్తే కూర్చున్న మనిషి కాస్తా లేచి నిలబడి చెయ్యూపుతాడు, నన్ను ఉడికిస్తాడు. అరిస్తే ఏమంటున్నానో వినడానికి ఇంకా లేస్తాడు. లారీని దాటి ముందుకు వెళ్దామంటే గట్టు మీద జాగా లేదు. పెద్ద చెరువు చుట్టూ అవతలి పక్క ఇంకో గట్టుంది, అటు తిరిగి వెళ్తే మలుపు దగ్గరే కలుస్తుంది. మోపెడ్‌ను అటు తిప్పాను. అది సన్న గట్టు, పైగా తడిసింది. రెండుసార్లు జారాను. మధ్యలో నీళ్ళు, అటు లారీ, ఇటు నేను, ఇద్దరం ఒకే మూలకు పోతున్నాం.

భయపడ్డంతా అయింది. చెరువు అవతలినుంచి బావ నన్ను చూశాడు. లేచి నిలబడ్డాడు. కర్ర పైకెత్తి ఊపాడు. నేను ఒక చెయ్యి వదిలి, కూర్చోమని, పడుకోమని, అరచెయ్యి కిందికి ఆడించాను. ఆయన కూడా అరచెయ్యి కిందికి ఆడించాడు, నన్ను వెక్కిరిస్తున్నాడు. హమాలీ నవ్వుతున్నాడు. ఇంజను మోతలో, వానలో వాళ్ళకు నా అరుపు ఎలా వినిపిస్తుంది? నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిపాను.

మలుపు దగ్గరకు నేను ముందు చేరాను. మోపెడ్‌ను దారికి అడ్డంగా పడేసి, చేతులు చాచి లారీకి ఎదురుగా నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కొత్త కంకర మీద లారీ జరజరా జారి, మోపెడ్‌కు తగిలీ తగలకుండా ఆగింది. పైన బావ బస్తాల మీద బోర్లా పడ్డాడు. తీగ ఆయనకు ముందు, రెండు బారల దూరంలో ఉంది.

కిందికి దిగాక ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "ఏంటయ్యా ఇది? పిచ్చెక్కిందా నీకు? నలుగురిలో నన్ను వెధవను చేస్తావా? ఈ తీగ కింద నుంచి నేను ఎన్నేళ్ళుగా పోతున్నానో తెలుసా? తీగ అదే, లారీ అదే, నేనూ అదే మనిషిని."

"దారి అది కాదు బావగారూ" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని స్తంభం దగ్గరికి లాక్కెళ్ళాను. అపాయం అని పుర్రె బొమ్మతో ఉండే రేకు ముక్క నిరుటిదాకా మా తలల కంటే బాగా పైన ఉండేది. ఇప్పుడు సరిగ్గా ఆయన ముఖానికి ఎదురుగా ఉంది. స్తంభం మొదలు సగం మట్టిలో పూడిపోయింది. బావ ఆ రేకును చూశాడు. తర్వాత లారీ పైకి, తాను కూర్చునే చోటికి చూశాడు. తర్వాత తీగ వైపు. నా చొక్కా వదిలేసి గట్టు వాలులో తడి గడ్డి మీద కూర్చుండిపోయాడు. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అక్కకు ఇచ్చిన మాట నిలిచింది. ఇంక ఏమైనా ఫరవాలేదనిపించింది.

వాన పెరుగుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "తవుడు తడిస్తే ముద్దకట్టేస్తుందండి. మేస్త్రీగారు దిగిపోయారు కదా, ఆయన్ని నడిచి రమ్మనండి. తాళ్ళు వదులయ్యాయి, పైన ఒకడు ఉంటే చాలు, మెల్లగా పోనిస్తాను" అన్నాడు. నిజంగానే బ్రేకు దెబ్బకు పై వరస కదిలింది. పైనున్న హమాలీ మమ్మల్ని చూసి, "నేను పడుకుంటాను లెండి. ఏం కాదండి, పోనివ్వండి" అని బస్తాల మీద వెల్లకిలా పడుకున్నాడు.

నేను మోపెడ్ లేపి దారి పక్కకు నెట్టుకుంటున్నాను.

బావ దిగ్గున లేచాడు. లారీకి అడ్డంగా వెళ్ళి బానెట్ మీద చేత్తో కొట్టి, "ఇంజను ఆపవయ్యా" అన్నాడు. హమాలీని కిందికి దిగమన్నాడు. వాడు సర్దిచెప్పబోతే, "దిగు, చెప్తున్నా కదా" అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం మీద వాననీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడూ నాతో పరాచికాలాడే మనిషి, ఆ రోజు గొంతు చాలా తగ్గించి అడిగాడు.

"పడుకుంటే తప్పుతుందా అది?"

నేను పైకి చూశాను. లోడు ఎత్తూ, తీగ ఎత్తూ కళ్ళతోనే కొలిచాను. అది నా పని. రోజూ చేసే పని. ఇందాకటి దాకా ఆ కొలత నేను తీయలేదు. "తప్పుతుందని చెప్పలేను. తడిసిన బస్తాలు, వాన. తప్పకపోవచ్చు" అన్నాను.

"మరి మోపెడ్ పక్కకెందుకు తీస్తున్నావు?"

ఆయన లారీ దగ్గరికి వెళ్ళి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. పై వరసలు రెండూ దించేయమన్నాడు. దించిన బస్తాలను వీపుల మీద మోసుకుంటూ తీగ కింద నుంచి అవతలికి చేరవేసి, పరదా కప్పి, లారీని పైన మనిషి లేకుండా దాటించి, మళ్ళీ పేర్చాలి. బావ, హమాలీ, డ్రైవరు, నేను. నేనెప్పుడూ బస్తా మోసినవాణ్ణి కాదు. మోసేవాళ్ళు పడతారేమో చూసినవాణ్ణే. మొదటి బస్తా వీపు మీద పడగానే మోకాళ్ళు ముందుకు వంగాయి. హమాలీ పరుగున వచ్చి, "అలా కాదండి, మెడ వంచకండి, దెబ్బ తగులుతుంది" అని నా నడుం సరిచేసి, బస్తా ఒడుపుగా సర్దాడు. ఇందాక వాడు ఏం కాదని పడుకున్నప్పుడు నేను వాడి వైపు చూడను కూడా లేదు.

కంకర మీద నెమ్మదిగా నడుస్తున్నాం. హమాలీ నా ముందు నడుస్తున్నాడు, బావ నా వెనకే వస్తున్నాడు. ఆ రోజు తర్వాత నేను పెద్ద లైను కోసం ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కానో, ఎవరెవరి చేత తిట్టించుకున్నానో, ఎలా ఎత్తించానో అది వేరే సంగతి. ఆ పట్టుదలంతా ఎక్కడిదని అడిగినవాళ్ళకు ఉద్యోగమండి అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. వీపు మీద తడి బస్తాతో నడుస్తుండగా వెనకనుంచి బావ అన్న మాట నన్ను ఆ గుమ్మాలన్నీ ఎక్కించింది.

"మీ అక్క మొగుడినని పరుగెత్తుకొచ్చావు. మంచిదే. వీడికి అక్క లేదనుకున్నావా?"